అత్తయ్య ఫోన్లో బాతులు

మా వాళ్ళలో ఎవరి ఫోన్ పాడైనా కబురు నాకే వస్తుంది. ఏలూరులో ఒక కాలేజీ ఆఫీసులో కూర్చుని పిల్లల అడ్మిషన్లు కంప్యూటర్లోకి ఎక్కిస్తాను, అంతే. ఆ మాత్రానికే నన్ను సెల్‌ఫోన్ల డాక్టరును చేసేశారు. పైకి విసుక్కుంటాను కానీ ఆ హోదా నాకు లోలోపల ఇష్టమే. నన్ను కాదని ఇంకెవరినైనా అడిగారని తెలిస్తే మూతి ముడుచుకుంటాను కూడా.

కిందటి చలికాలంలో తాడేపల్లిగూడెం నుంచి కబురొచ్చింది, అత్తయ్య ఫోన్ నీళ్ళ బకెట్లో పడిందని. అత్తయ్య అంటే మా నాన్నకు అక్క, నా మేనత్త. నీటికాసుల జబ్బుతో చూపు పోయి కొన్నేళ్ళయింది. కొడుకు ఉల్లిపాయల మార్కెట్లో వ్యాపారం చేస్తాడు, కోడలు బళ్ళో టీచరు. పగలంతా ఇంట్లో ఆవిడా, ఆ ఫోనూ. ప్రవచనాలు వింటుంది, చుట్టాలందరినీ పేరుపేరునా పలకరిస్తుంది, ఎవరింట్లో ఎవరు అలిగారో మా అందరికంటే ముందు ఆవిడకే తెలుస్తుంది. అలాంటి మనిషి చేతిలో ఫోన్ లేకపోయేసరికి ఇంట్లో వాళ్ళకు ఊపిరాడలేదట.

ఆ మధ్యాహ్నమే నేను వెళ్ళేసరికి పాత ఫోన్‌ను బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టి ఉంచారు. వరి పండించే ఊళ్ళ వాళ్ళం కదా, ఏ అవసరానికైనా ముందు మాకు బియ్యమే గుర్తొస్తాయి. తీసి చూస్తే చార్జింగ్ పెట్టే బెజ్జంలో ఒక నూక ఇరుక్కుని ఉంది. ఫోన్ మాత్రం లేవలేదు. ఎందుకైనా మంచిదని నేను ఏలూరులోనే అదే కంపెనీ ఫోన్ కొత్తది కొని పట్టుకెళ్ళాను.

సిమ్ము మార్చి, ఆవిడ అకౌంట్ తెరిచాను. పాత ఫోన్ బ్యాకప్ దొరికింది, సెట్టింగులను పునరుద్ధరించాలా అని తెలుగులో అడిగింది. పునరుద్ధరణ అన్న మాట అప్పటిదాకా నేను పాడుబడ్డ గుళ్ళ విషయంలోనే చదివాను. చందా పుస్తకం పట్టుకుని ఎవరో గుమ్మంలో నిలబడ్డట్టనిపించి నవ్వొచ్చింది. అవునని నొక్కాను.

ఒక్కొక్కటే రావడం మొదలైంది. ముందు అక్షరాల సైజు వచ్చింది. చూపు తగ్గేకొద్దీ ఆ అక్షరాలను నేనే పెంచుకుంటూ వచ్చాను. గూడెం వెళ్ళినప్పుడల్లా "ఇంకాస్త పెంచవే" అనేది. చివరికి తెర మీద రెండు మాటలు పడితే గొప్ప. ఆ తర్వాత పెంచడానికి ఏమీ మిగల్లేదు, పెంచమని ఆవిడ అడగడమూ మానేసింది. కొత్త ఫోన్ తెర మీద ఆ లావుపాటి అక్షరాలు మళ్ళీ కనిపించాయి. వాటిని తగ్గించకుండా అలాగే ఉంచాను.

తర్వాత పేరు చెబితే ఫోన్ కలిపే ఏర్పాటు, పక్క బటన్ నొక్కితే ఎత్తే ఏర్పాటు వచ్చాయి. ప్రవచనాలు చెప్పే గొంతు వేగం వచ్చింది. ఫోన్ చేసినవాళ్ళ పేరును యంత్రమే చదివి చెప్పే ఏర్పాటు ఒకటుంది, అది ఆపేసి ఉండటం కూడా ఆపేసినట్టే వచ్చింది. దాన్ని ఆపించింది అత్తయ్యే. మన పేర్లన్నీ విరగ్గొట్టి పలికే ఆ గొంతంటే ఆవిడకు ఒళ్ళుమంట. "మనవాళ్ళు మనల్ని పిలుస్తుంటే మధ్యలో ఈవిడెవరే?" అని నాతో దెబ్బలాడి మరీ తీయించేసింది.

కోడలు టీ పెట్టింది. అత్తయ్య ఫోన్‌ను అరచేతిలో తిప్పి తిప్పి చూసుకుని, "పాతదాని లాగే ఉందే. బాగు చేశావు" అంది. నాకు బోలెడు సంతోషం. ఒకసారి ఫోన్ చేసి చూద్దామన్న ఆలోచన ఎవరికీ రాలేదు. చేసేవాళ్ళమంతా ఆ గదిలోనే ఉన్నాం మరి. సాయంత్రం బస్సుకు నేను ఏలూరు వచ్చేశాను.

కొత్త ఫోన్లోకి రానిది ఒక్కటుంది. అదేమిటో చెప్పాలంటే మా బాబాయి సంగతి చెప్పాలి.

మా నాన్న వాళ్ళది కొల్లేటి లంక. చుట్టూ నీళ్ళు, మధ్యలో ఊరు. ముగ్గురు పిల్లల్లో అత్తయ్య పెద్దది, బాబాయి ఆఖరివాడు. మా నాన్న పోయి చాలాకాలమైంది. బాబాయికి పసితనంలోనే జ్వరం తగిలి వినికిడి పోయింది, దాంతో మాటా రాలేదు. బడికి పంపలేదు. చిన్నపిల్లగా ఉన్న అత్తయ్యే అతనికి చేతులతో ఒక భాష కట్టిపెట్టింది. ముక్కు పక్కన వేలు పెడితే అక్క, ఆవిడ ముక్కుపుడక గుర్తుగా. నడుం మీద చెయ్యి వేసుకుంటే నేను. చిన్నప్పుడు అలా నిలబడి అందరి మీదా పెత్తనం చేసేదాన్నట. ఇప్పటికీ నేను కనిపిస్తే బాబాయి ముందు నడుం మీద చెయ్యి వేసుకుని ఆ తర్వాతే నవ్వుతాడు.

అత్తయ్య గూడెం కాపురానికి వెళ్ళాక కూడా వీలైనప్పుడల్లా లంకకు వచ్చేది. అరుగు మీద ఎదురెదురుగా కూర్చుని ఇద్దరూ చేతులతో గంటల తరబడి మాట్లాడుకునేవాళ్ళు. మధ్యమధ్యలో ఎవరినో వెక్కిరించి నవ్వుకునేవాళ్ళు. ఆ ఎవరో మనమేనేమో అని మాకు అనుమానం. అంత హాయిగా మాట్లాడుకునే అక్కాతమ్ముళ్ళను నేను మళ్ళీ చూడలేదు.

చూపు పోవడంతో అదంతా ఆగిపోయింది. ఆవిడ మాట ఆయనకు వినపడదు, ఆయన చెయ్యి ఆవిడకు కనపడదు. పక్కపక్కన కూర్చుంటే అరచేతిలో తట్టుకుని కొంత చెప్పుకోగలరు కానీ, లంక నుంచి గూడెం ప్రయాణం ఈ వయసులో రోజూ అయ్యే పనా? ఆ రోజుల్లో అత్తయ్య బాగా కుంగిపోయింది. కళ్ళు పోయినందుకు కాదు, తమ్ముడు పోయినట్టుందని ఏడ్చేది.

మిస్డ్ కాల్ ఆలోచన ఆవిడదే. మిస్డ్ కాల్స్ కాలం మీకు గుర్తుండే ఉంటుంది. బస్సెక్కితే ఒకటి, దిగితే ఒకటి, ఊరికే గుర్తొస్తే ఒకటి. నాకు పెళ్ళి కుదిరిన కొత్తలో మా ఆయన కొట్టిన మిస్డ్ కాల్స్‌కు నేను పొంగిపోయినంతగా, పెళ్ళయ్యాక మాట్లాడిన మాటలకు ఎప్పుడూ పొంగలేదు. ఇప్పుడు ఎంతసేపు మాట్లాడినా ఖర్చు లేదు కాబట్టి ఎవరూ మిస్డ్ కాల్ ఇవ్వడం లేదు. అందరూ వదిలేసిన ఆ పద్ధతిని అత్తయ్య పట్టుకుంది.

ఒక చిన్న బటన్ల ఫోన్ కొని నేనే లంకకు తీసుకెళ్ళాను. ఒక బటన్ నొక్కిపట్టుకుంటే అక్కకు వెళ్తుంది, తెర మీద అక్క బొమ్మ వస్తుంది. కాసేపు మోగనిచ్చి తీసేయాలి. పొద్దున్న లేవగానే అలా కొడితే నేను బాగున్నాను అని. అక్క తిరిగి కొడితే జేబులో ఫోన్ వణుకుతుంది, నేనూ బాగున్నాను అని. బాబాయికి మొదటిసారి జేబులో అది వణికినప్పుడు గుండె మీద చెయ్యి వేసుకుని, ముక్కు పక్కన వేలు పెట్టి, పిన్నికి చూపించుకున్నాడు. ఊళ్ళో కనిపించిన ప్రతివాడికీ చూపించుకున్నాడు.

ఎవరూ ఎత్తకూడదు. అదే ఏర్పాటు. ఎత్తితే తెర మీద సెకన్ల లెక్క చూపే అంకెలు కదులుతాయి, వినపడని మనిషికి ఆ కదలికే తెలుస్తుంది. "ఒకవేళ ఎత్తితే ఏంటి అత్తయ్యా?" అని అడిగాను. "నేను బాగుంటే ఎందుకు ఎత్తుతానే? ఎత్తారంటే నాకేదో అయిందని. వచ్చెయ్యమని చెప్పు వాడికి" అంది. నేను చేతులతో చెప్పాను. బాబాయి కాసేపు ఆలోచించి, కళ్ళు మూసుకుని తల పక్కకు వాల్చి చూపించాడు. అలాంటిదేనని తల ఊపాను.

అయితే మోగుతున్నది తమ్ముడే అని అత్తయ్యకు తెలియాలి కదా. ఎవరి మోత వాళ్ళకు వేరుగా పెట్టించుకుంది. కొడుకుకు మార్కెట్లో వేలం పాట పాడే కేకలు రికార్డు చేయించి పెట్టింది. నాకు కుక్కర్ కూత పెట్టింది, నా కోపానికి గుర్తట. బాబాయికి బాతులు. ఆయన బాతులు మేపుతాడు. కోతలయ్యాక చేల వెంట వాటిని తోలుకుంటూ ముదినేపల్లి వైపు దాకా వెళ్తాడు.

ఆ బాతుల గోల రికార్డు చేసిన రోజు నాకు ఇంకా కళ్ళకు కట్టినట్టుంది. చెరువు గట్టు మీద ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. మామూలప్పుడు చెవులు చిల్లులు పడేలా అరిచే బాతులు ఆ రోజు నోరు విప్పితే ఒట్టు. బాబాయి నా మొహం చూశాడు, ఫోన్ చూశాడు, విషయం అర్థం చేసుకున్నాడు. కర్ర తీసుకుని వెనక నుంచి అదిలించాడు. అంతే, మొత్తం మంద ఒక్కసారి గోల పెట్టింది. చాలా, ఇంకా కావాలా అని కళ్ళతోనే అడిగాడు. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ వినని చప్పుడును అక్క కోసం అంత శ్రద్ధగా చేయించిన మనిషిని చూసి, నేను గట్టు మీదే ముక్కు చీదుకున్నాను.

అప్పటి నుంచి పొద్దున్నే గూడెంలో ఆ వీధి వీధికీ బాతులు వినపడేవి. ఒకసారి ద్వారకా తిరుమల కొండ మీద క్యూలో నిలబడి ఉండగా అత్తయ్య సంచిలో బాతులు అరిచాయి. మా ముందున్న పెద్దాయన ఉలిక్కిపడి పంచె పైకెత్తి కాళ్ళ చుట్టూ చూసుకున్నాడు. అత్తయ్య సంచి తడుముకుంటూ, "మా తమ్ముడండీ" అంది ఎంతో మర్యాదగా.

ఇక అసలు సంగతికి వస్తాను. కొత్త ఫోన్ ఇచ్చి వచ్చిన మర్నాడు పొద్దున్న, నేను ఆఫీసుకు తయారవుతుంటే అత్తయ్య ఫోన్ చేసింది.

"అమ్మాయ్, మీ బాబాయి ఇంకా పిలవలేదే. పొద్దెక్కిపోయింది. నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు."

"బద్ధకించి పడుకున్నాడేమోనండీ."

"వాడికి బద్ధకమేంటే? నేనే రెండుసార్లు కొట్టాను. తిరిగి కొట్టలేదు."

"పొద్దున్నించీ ఇంకెవరూ చేయలేదా?"

"ఎవరో చేశారు. కొత్త ఫోను కదా, నువ్వే చేసి చూస్తున్నావనుకుని మోగీ మోగగానే ఎత్తాను. ఏవండీ, ఎవరండీ అని అడిగాను. పలకలేదే. పెట్టేశారు."

"ఏం మోగింది అత్తయ్యా?"

"ఏదో టింగు టింగుమని మోగింది."

నాకు సంగతి వెలిగింది, ఫోన్ పెట్టేశాను. బ్యాకప్‌లో పేర్లు వచ్చాయి, నంబర్లు వచ్చాయి, సెట్టింగులు వచ్చాయి. మేము సొంతంగా రికార్డు చేసుకున్న మోతలు మాత్రం పాత ఫోన్లోనే ఉండిపోయాయి, నీళ్ళలో మునిగి, బియ్యంలో పూడి. కొత్త ఫోన్‌కు అందరూ ఒకటే. బాబాయి పిలుపును అత్తయ్య ఎత్తేసింది. లంకలో ఆయన తెర మీద అంకెలు కదిలాయి.

లంకలో ఎదురింటావిడ నంబరుకు చేసి పిన్నిని పిలిపించాను. పిన్ని గొంతు అప్పటికే ఏడ్చి ఏడ్చి బొంగురుపోయి ఉంది.

"వదినగారు ఎప్పుడు పోయారమ్మా?" అంది.

"పోవడమేంటి పిన్నీ, ఆవిడ నిక్షేపంగా ఉన్నారు. ఇప్పుడే నాతో మాట్లాడారు. బాబాయి ఏరీ?"

"ముక్కు పక్కన వేలు పెట్టి, కళ్ళు మూసి తల వాల్చి చూపించారమ్మా. చొక్కా మార్చుకుని, ఆటో ఎక్కి వెళ్ళిపోయారు. నేనూ వస్తానంటే బాతుల్ని చూడమన్నారు. ఫోన్ ఆయన జేబులోనే ఉంది."

ఆ జేబులోని ఫోన్‌కు చేసి ఏం లాభం? నా బొమ్మ తెర మీద కనిపిస్తే, ఆ కబురు చెప్పడానికే చేస్తున్నాననుకుంటాడు. అత్తయ్య కొట్టిన రెండు కాల్స్‌ను కూడా ఇంట్లో వాళ్ళు తొందరపెడుతున్నట్టే అనుకుని ఉంటాడు. ఎంత పిలిస్తే అంత నమ్ముతాడు. ఎందుకు పనికొచ్చే యంత్రమిది అని నా చేతిలోని ఫోన్‌ను గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. అత్తయ్యకు చేసి జరిగింది చెప్పాను.

అంతా వింది. తర్వాత అంది, "అయితే నేను పోయాననుకుని వస్తున్నాడన్నమాట. దారంతా వాడొక్కడే ఏడుస్తాడే. నువ్వు రావే."

ఆఫీసుకు సెలవు చెప్పి పరుగెత్తాను. ఏలూరు బస్టాండులో వెతికాను, బాబాయి కనపడలేదు. స్టేషన్‌కు వచ్చేసరికి అదృష్టం కొద్దీ ఏదో రైలు కదలబోతోంది, ఎక్కేశాను. కిటికీ బయట చేలూ, చెరువులూ వెళ్ళిపోతున్నాయి. ఈ పాటికి ఏ బస్సులోనో తలపాగా మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంటాడు, పక్కవాడు ఏమైందని అడిగినా వినపడదు. ఆ ఊహకు నాకు దుఃఖం ఆగలేదు. ఎదుటి సీటులో ఆవిడ తన మంచినీళ్ళ సీసా ఇచ్చింది.

గూడెంలో దిగి ఇంటికి చేరేసరికి అత్తయ్య వీధి గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుని ఉంది. ఎండ మొహం మీద పడుతోంది. కొడుకు మార్కెట్ నుంచి అటే బస్టాండుకు వెళ్ళాడు. కోడలు బడికి వెళ్ళకుండా ఉండిపోయింది.

"లోపలికి రమ్మంటే రావడం లేదు చూడు" అంది కోడలు నాతో.

"వాడు వీధి మలుపు తిరగ్గానే నేను కనపడాలి" అంది అత్తయ్య. "లోపల కూర్చుంటే ఇంటిదాకా ఆ ఏడుపుతోనే రావాలి. ఎండేం చేస్తుంది నన్ను?"

మలుపు దగ్గర బాబాయి కనిపించాడు. తెల్ల చొక్కా, చంకలో ఒక సంచి. నేల చూసుకుంటూ నడుస్తున్నాడు. గుమ్మం ముందు షామియానా లేదు, జనం లేరు. అది గమనించి తల ఎత్తాడు. ఎత్తి, అక్కడే నిలబడిపోయాడు. కుర్చీలో ఉన్న అక్కను చూస్తున్నాడు. అత్తయ్యకు ఆయన కనపడడు, ఆవిడ పిలిస్తే ఆయనకు వినపడదు. "వచ్చాడు అత్తయ్యా" అన్నాను. ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడి, గాలిలోకి రెండు చేతులూ చాచింది.

ఆయన పరుగెత్తుకొచ్చాడు. ఆ చేతులు పట్టుకుని, మెట్టు మీద కూలబడి, ఆవిడ మోకాళ్ళలో తల పెట్టుకుని పెద్దగా ఏడ్చాడు. తన ఏడుపు ఎంత గట్టిగా ఉందో తెలియని మనిషి ఏడుపు అది. వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. అత్తయ్య ఆయన మొహం అంతా తడిమి, కళ్ళు తుడిచి, అరచేతిలో ఏదో తట్టింది. ఆయన తల ఊపాడు. మళ్ళీ తట్టింది. అప్పుడు ఆవిడ చేతికి సంచి తగిలింది.

బాబాయి గబుక్కున లాక్కోబోయాడు. ఆవిడ వదల్లేదు. లోపల చెయ్యి పెట్టింది. కొత్త చీర, ఇంకా మడత విప్పనిది, గంజి వాసన నా దాకా కొడుతోంది. మాలో ఆడపిల్ల పోతే ఆఖరి చీర పుట్టింటి నుంచి రావాలి. అన్నదమ్ములు తెచ్చి కప్పుతారు. పుట్టింట మిగిలింది ఈ తమ్ముడొక్కడే. అంత ఏడుపులోనూ ఏలూరులో దిగి, దుకాణం తీయించి, చేతులతో బేరమాడి, ఆ చీర కొనుక్కొచ్చాడు.

అత్తయ్యకు అర్థమైపోయింది. కోడలు మొహం తిప్పుకుంది.

"రంగేంటే?" అని అడిగింది అత్తయ్య.

"చిలకపచ్చ" అన్నాను.

"చిలకపచ్చా?" అని చీరను మొహానికి ఆనించుకుంది. "వాడికి గుర్తుందే. నా పెళ్ళి చీర చిలకపచ్చే. అప్పుడు వాడు ఇంతుండేవాడు." కోడలి వైపు చెయ్యి చాపింది. "లోపలికి తీసుకెళ్ళమ్మా. ఇది కట్టుకుంటాను."

బాబాయి విషయం గ్రహించి అడ్డంగా లేచాడు. రెండు చేతులూ ఊపుతూ వద్దన్నాడు, చీర కొంగు పట్టుకుని లాగాడు. అది బతికున్న మనిషి కట్టేది కాదు, కీడు. నావైపు తిరిగి చెప్పు అన్నట్టు బతిమాలాడు. నేను చెప్పాను కూడా, "వద్దంటున్నారు అత్తయ్యా. పోనీ ఎవరికైనా ఇచ్చేద్దామా?"

"నా తమ్ముడు నాకు తెచ్చిన చీర ఎవరికిస్తానే? చెప్పు వాడికి. ఇది చిరిగేదాకా కడతాను. ఇది చిరిగాక, అప్పుడు ఇంకోటి కొనుక్కురమ్మను."

ఎలా చెప్పాలో తెలియక, నేను చీరను చూపించి, ముక్కు పక్కన వేలు పెట్టి, రెండు చేతులతో బట్ట చింపినట్టు చూపించాను. బాబాయి నన్నూ, అక్కనూ మార్చి మార్చి చూశాడు. కొంగు వదిలేశాడు. వదిలి, కళ్ళ నీళ్ళతోనే నవ్వాడు.

తర్వాతి వారం లంకకు వెళ్ళి మళ్ళీ బాతుల్ని రికార్డు చేశాను. పాత మందను అమ్మేశారు, ఇవి కొత్తవి. అత్తయ్య విని, "ఇవి ఆ బాతులు కావే" అంది. ఇంకోసారి విని, "పోనీలే, తోలేవాడు వాడేగా" అని ఉంచేసుకుంది. ఈసారి ఆ మోతను నేను నా ఫోన్లోనూ, ఆఫీసు కంప్యూటర్లోనూ కూడా దాచాను.

చీరను అత్తయ్య నిజంగానే వదలకుండా కట్టింది. గుడికీ అదే, పేరంటానికీ అదే, ఇంట్లో కూరలు తరుగుతూ కూడా అదే. తెలిసినవాళ్ళు చెవులు కొరుక్కున్నా లెక్కచేయలేదు. ఉతికి ఉతికి చిలకపచ్చ కాస్తా వెలిసింది. మొన్న నేను వెళ్ళేసరికి అత్తయ్య మంచం మీద కూర్చుని, చీర అంచు దగ్గర ఒకచోట బొటనవేలితో రుద్దుతోంది. చూస్తే చిన్న చిరుగు. "అన్నంత పనీ చేశారుగా అత్తయ్యా, చింపేశారు" అని నవ్వబోయాను. ఆవిడ నవ్వలేదు. చిరుగున్న చోటు వెతికి నా వేళ్ళ మధ్య పెట్టింది.

"సూదీ దారం తేవే. కుట్టెయ్యి. చిరిగినట్టు వాడికి తెలియకుండా కుట్టు" అంది.

ఇంట్లో ఆ రంగు దారం లేదు. వెలిసిపోయిన ఆ చిలకపచ్చకు కలిసే దారం కోసం ఆ మధ్యాహ్నం గూడెం బజారంతా తిరిగాను.